అయిదేళ్ల వాడకం తరువాత: ఖరీదైన కాట్రిడ్జ్, సగం రాసిన వివరాల కాగితం

విజయవాడలోని మా ఇంట్లో ఒక ఖరీదైన మూవింగ్ కాయిల్ కాట్రిడ్జ్‌ను (రికార్డ్ ప్లేయర్‌లో సూదిని మోస్తూ, దాని కదలికను సన్నని తీగచుట్ట ద్వారా విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) అయిదేళ్లుగా వాడుతున్నాను. ధ్వని విషయంలో నాకు ఫిర్యాదు లేదు. వయొలిన్ కమాను తీగ మీద ఆనే క్షణం, గాయకుడు ఊపిరి తీసుకునే చప్పుడు పాత హెచ్‌ఎంవీ రికార్డుల్లో సైతం స్పష్టంగా వినిపిస్తాయి. నా అసంతృప్తి అంతా పెట్టెలో వచ్చిన ఒంటి కాగితం గురించే.

అందులో కాంప్లయన్స్, అంటే సూది ఎంత సులువుగా కదులుతుందో తెలిపే అంకె, 10 అని ఉంది, ఏ పౌనఃపున్యం దగ్గర కొలిచారో లేదు. జపాన్ తయారీదారులు చాలామంది 100 హెర్ట్‌జ్ దగ్గర కొలుస్తారు, ఐరోపా వారు సాధారణంగా 10 దగ్గర కొలుస్తారు. మొదటి అంకెను రెండవదానికి మార్చాలంటే సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు చేయాలి. కాట్రిడ్జ్‌ను మోసే చేయి టోన్‌ఆర్మ్. దాని ప్రభావక ద్రవ్యరాశికి, అంటే సూది దగ్గర అనుభవమయ్యే బరువుకి, కాట్రిడ్జ్, స్క్రూల బరువు కలిపి, ఆ గ్రాములను కాంప్లయన్స్‌తో గుణించి, లబ్ధపు వర్గమూలంతో 159ని భాగిస్తే అనునాద పౌనఃపున్యం, అంటే ఆర్మ్, కాట్రిడ్జ్ కలిసి తమంతట తాము ఊగే వేగం, వస్తుంది. అది 8, 12 హెర్ట్‌జ్‌ల మధ్య ఉండాలి. నా ఆర్మ్ 18, కాట్రిడ్జ్ 9, స్క్రూలు 1, వెరసి 28 గ్రాములు. కాగితాన్ని నమ్మి లెక్కిస్తే 9.5 వచ్చింది కనుక నిశ్చింతగా బిగించాను.

మొదటి వేసవిలోనే, కాస్త వంకర తిరిగిన రికార్డు పెడితే చాలు, స్పీకర్‌లో మంద్ర ధ్వనులు పలికే ఊఫర్ లోపలికీ బయటికీ ఊగడం మొదలుపెట్టింది. పరీక్షా రికార్డు తెప్పించి చూస్తే అనునాదం 7 దగ్గర తేలింది. అంటే అసలు కాంప్లయన్స్ 18కి పైనే. కొలిచిన ఉష్ణోగ్రత కూడా కాగితంలో లేదు. 20 డిగ్రీల గదిలో గట్టిగా ఉన్న రబ్బరు డ్యాంపర్ (సూది ఊగిసలాటను అదుపు చేసే ముక్క) మా మే నెలలో మెత్తబడకుండా ఉంటుందా? చివరికి ఆర్మ్ చివర కాట్రిడ్జ్‌ను బిగించే 15 గ్రాముల హెడ్‌షెల్ తీసి 9 గ్రాములది పెట్టాక అనునాదం 8కి చేరువైంది, ఊగుడు చాలావరకు తగ్గింది.

అవుట్‌పుట్ 0.4 మిల్లీవోల్ట్ అన్నారు గాని, సూది సెకనుకు 5 సెంటీమీటర్ల వేగంతో కదిలినప్పటిదా, 3.54 వేగంతో కదిలినప్పటిదా చెప్పలేదు, ఆ తేడా 3 డెసిబెల్స్. కాయిల్ నిరోధం ఊసే లేదు. మల్టీమీటర్ పెట్టి సన్నని కాయిల్‌ను ప్రమాదంలోకి నెట్టే ధైర్యం నాకు లేక, లోడ్‌ను, అంటే కాట్రిడ్జ్‌కు యాంప్లిఫయర్ వైపు కనిపించే నిరోధాన్ని, చెవితోనే 200 ఓమ్స్ దగ్గర కుదుర్చుకున్నాను.

దీని ధరలో చిన్న భాగానికే దొరికే డెనాన్ డీఎల్-103ను చూడండి. 1960లలో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం రూపొందిన ఆ కాట్రిడ్జ్‌కు 100 హెర్ట్‌జ్ దగ్గర కాంప్లయన్స్ 5, నిరోధం 40 ఓమ్స్, బరువు 8.5 గ్రాములు, సూది ఒత్తిడి 2.5 గ్రాములు అని అన్నీ తెలుస్తాయి. రేడియో ఇంజనీరు ఊహల మీద పని చేయడు కదా!

ఇప్పుడు నా కాట్రిడ్జ్ సూది అరిగే దశకు వచ్చింది. కొత్త సూది వేసేవారు సూదిని మోసే సన్నని కడ్డీ అయిన క్యాంటిలీవర్, డ్యాంపర్ కూడా మారుస్తామంటూ పాత కాంప్లయన్స్ ఎంతో చెప్పమన్నారు. నా పుస్తకంలో రాసుకున్న ఆ 7 హెర్ట్‌జ్ కొలతనే, గది ఉష్ణోగ్రతతో సహా, వారికి పంపాను.