సెల్‌ను నిద్రపుచ్చే కబురు: ఆర్‌ఆర్‌సీనా, డీసీఐనా?

రాత్రి ట్రాఫిక్ తగ్గాక 5జీ సెల్ (టవర్ నుంచి ఒక ప్రాంతానికి సిగ్నల్ ఇచ్చే భాగం) మధ్యమధ్య ప్రసారం ఆపితే కరెంటు మిగులుతుంది. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ తన రిలీజ్ 18లో ఇందుకు సెల్ డీటీఎక్స్ (సెల్ ప్రసారాన్ని నిర్ణీత వేళల్లో ఆపే పద్ధతి) తెచ్చింది. ఆ సంగతి ఫోన్లకు చెప్పేదెలా?

ఆర్‌ఆర్‌సీ సందేశం, అంటే నెట్‌వర్క్ ఫోన్‌కు సెట్టింగులు చెప్పే సందేశం, ఒక్కో ఫోన్‌కీ విడిగా వెళ్తుంది. అందినట్టు రసీదు వస్తుంది కాబట్టి నమ్మకం ఎక్కువ. కానీ వందల ఫోన్లుంటే ఆ సందేశాలే భారం. పైగా, అన్నిటికీ చేరేలోపు ట్రాఫిక్ మళ్లీ మారిపోవచ్చు.

డీసీఐ 2_9 అనే చిన్న నియంత్రణ కబురు అలా కాదు. పీడీసీసీహెచ్ అనే నియంత్రణ ఛానెల్‌లో ఊరంతటికీ ఒకే దండోరా. గుంపులోని ఫోన్లన్నీ ఒకేసారి వింటాయి. మిల్లీసెకన్ల లెక్కలో సెల్ పడుకోగలదు, లేవగలదు. చిక్కల్లా, దీనికి హార్క్ (అందకపోతే మళ్లీ పంపే ఏర్పాటు) రక్షణ లేదు. సిగ్నల్ బలహీనంగా ఉన్న అంచున ఒక ఫోన్ వినకపోతే, సెల్ పడుకుందని తెలియక అది వృథాగా కాచుకుని తన బ్యాటరీ తినేస్తుంది.

అయినా నా ఓటు డీసీఐకే. నిద్ర వేళల పట్టికను ఎలాగూ ముందే ఆర్‌ఆర్‌సీయే ఇస్తుంది. ఆన్, ఆఫ్ మాత్రం డీసీఐకి వదిలేయాలి. గంటల తరబడి ఖాళీగా ఉండే పల్లె సెల్‌కైతే ఆర్‌ఆర్‌సీ ఒక్కటే చాలు.