చల్లగాలిని నమ్మి పరిగెత్తవద్దు: బెంగళూరు పరుగు యాత్ర

బెంగళూరులో పరిగెత్తి వచ్చినవాళ్లను ఎవరిని కదిలించినా ముందు చెప్పేది అక్కడి చల్లదనం గురించే. అది అబద్ధం కాదు. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న ఊరు. ఏప్రిల్ చివరలో కూడా తెల్లవారుజామున గాలి ఒంటికి హాయిగా తగులుతుంది. అదే వేళకు మా విజయవాడలో బందరు కాలువ పక్కన ఐదు కిలోమీటర్లు పూర్తయ్యేసరికి చొక్కా పిండుకోవాలి. అయితే వేడి ఊళ్ల నుంచి వెళ్లే మనలాంటివాళ్లను అక్కడ దెబ్బతీసేది కూడా ఆ చల్లదనమే. ఎండలో పరిగెత్తేటప్పుడు గుండె పంపే రక్తంలో కొంత భాగం చర్మాన్ని చల్లబరచడానికి పోతుంది. ఆ భారం తగ్గేసరికి అదే వేగానికి గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది, కాళ్లు తేలిగ్గా కదులుతాయి, రాత్రికి రాత్రి మెరుగుపడిపోయామని భ్రమ కలుగుతుంది. ఆ భ్రమ మూడు కిలోమీటర్ల వరకు నిలుస్తుంది. తర్వాత రోడ్డు ఎత్తెక్కుతుంది.

నేను వెళ్లింది ఏప్రిల్ చివర జరిగే వరల్డ్ 10కె అనే పది కిలోమీటర్ల పోటీ కోసం. 2008లో మొదలైన ఈ పోటీకి కెన్యా, ఇథియోపియాల నుంచి మేటి రన్నర్లు వస్తారు. 2022లో నికోలస్ కిమెలి 27 నిమిషాల 38 సెకన్లలో, ఐరీన్ చెప్టై 30 నిమిషాల 35 సెకన్లలో పూర్తి చేశారు. మన వ్యవహారం వేరు. గంట అటూ ఇటూగా గీత దాటితే పండగే. నాకు ఈ పోటీతో ఉన్న అసలు పని ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు ముందు నా స్థితి తేల్చుకోవడం. అమెరికాకు చెందిన పీట్ రీగల్ అనే ఇంజినీరు చెప్పిన ఒక లెక్క ఉంది. దూరం ఎన్ని రెట్లు పెరిగిందో ఆ సంఖ్యను 1.06 ఘాతానికి హెచ్చించి, పాత సమయంతో గుణించాలి. 10 కిలోమీటర్లు 60 నిమిషాల్లో పరిగెత్తేవాళ్లకు 42.195 కిలోమీటర్ల మారథాన్ సుమారు 4 గంటల 36 నిమిషాలు వస్తుంది. వారానికి పాతిక కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లు ఈ అంకెను చూసి మురిసిపోకూడదు. లాంగ్ రన్‌లు (సుదీర్ఘ పరుగులు) సరిగా చేసినవాళ్లకే అది వర్తిస్తుంది, మిగతావాళ్లకు అరగంట తేడా కూడా రావచ్చు.

ఇక ప్రయాణం. విజయవాడ నుంచి కొండవీడు ఎక్స్‌ప్రెస్ వారంలో కొన్ని రోజులే ఉంటుంది. సాయంత్రం ఎక్కితే మర్నాడు ఉదయం యశ్వంతపూర్‌లో దించుతుంది. స్లీపర్ బస్సుల్లో వెళ్లే మిత్రులున్నారు, వద్దని చెప్పినా వినరు. కాళ్లు పూర్తిగా చాపుకోలేని బెర్తులో, మలుపు మలుపుకీ దొర్లుతూ గడిపిన రాత్రి పోటీకి ముందు ఎవరికీ మేలు చేయదు. యశ్వంతపూర్‌లో దిగడానికి ఇంకో సౌకర్యం ఉంది. అక్కడి నుంచి మెట్రో ఆకుపచ్చ లైను నేరుగా లాల్‌బాగ్‌కు, జయనగర్‌కు వెళుతుంది. మెట్రో లైన్లు కలిసే మెజెస్టిక్‌లో రైలు మారనక్కరలేదు.

బసలో మొదటి భాగం మారతహళ్లిలోని మా అక్కయ్య ఇంట్లో. ఆ పేటలో అడుగుకో ఆంధ్రా మెస్, గడపకో తెలుగు మాట. బావగారు గుమ్మంలోనే పలకరించారు: "ఏమయ్యా, పది కిలోమీటర్లు పరిగెత్తడానికి ఆరు వందల కిలోమీటర్లు రావాలా?" ఈ ప్రశ్నకు సమాధానం ఇంతవరకు ఏ రన్నర్ దగ్గరా లేదు. అక్కయ్య గోంగూర మాంసం వండుతానని కూర్చుంది. పోటీ వారంలో కారం, నూనె, అలవాటు లేని పీచు పదార్థాలు తగ్గించడం మంచిదని, పప్పన్నం, పెరుగన్నం, నాలుగు ఇడ్లీలతో సరిపెట్టమని బతిమాలి ఒప్పించాను. గోంగూర ఆదివారం మధ్యాహ్నానికి వాయిదా పడింది. బంధువుల ఇంట్లో తిండి విషయంలో ఈ హాయి ఉంది, అడిగింది వండిపెడతారు. కానీ మారతహళ్లి నుంచి పోటీ జరిగే ఎం.జి. రోడ్డు వైపు దూరం ఎక్కువ. ఆదివారం మెట్రో సాధారణంగా ఉదయం 7 గంటలకు గాని మొదలవదు. పోటీ రోజున ముందుగా నడిపిన సందర్భాలు ఉన్నాయి గాని, ఆ ప్రకటన వచ్చేదాకా దాన్ని లెక్కలోకి తీసుకోలేము.

అందుకని శనివారం శివాజీనగర్ వైపు ఒక లాడ్జికి మారాను. గది చిన్నది, దుప్పటి శుభ్రమైనది, వేడినీళ్లు ఆరింటి తర్వాతే అని గోడ మీద కాగితం అంటించి ఉంది. పరిగెత్తేవాళ్లు లాడ్జిలో అడగాల్సినవి వేరే ఉంటాయి: తెల్లవారుజామున నాలుగింటికి షట్టర్ ఎవరు తీస్తారు, గదిలో కెటిల్ ఉందా, పక్కన కల్యాణమండపం ఉందా. రిసెప్షన్‌లో మూడోదానికి "లేదు సార్" అన్నారు. నిజమే, పక్కన లేదు, ఎదురుగా ఉంది. రాత్రి పదకొండున్నర దాకా బ్యాండు మోగింది. నిద్ర గురించి ఒక ఊరట మాట చెప్పుకోవాలి: పోటీ ముందు రాత్రి నిద్ర పట్టకపోయినా పెద్ద నష్టం లేదు, అంతకు ముందు వారం రాత్రుళ్లు సరిగా పడుకున్నామా అన్నదే ముఖ్యం. ఈ సంగతి ముందే తెలిసినవాళ్లు బ్యాండు వింటూ కంగారు పడరు, కంగారు పడకపోతే నిద్ర దానంతట అదే వస్తుంది. తెల్లవారుజామున షట్టర్‌కు ఆనుకుని ముసుగుతన్ని పడుకున్న కాపలాదారును లేపితే, ఆయన అనంతపురం మనిషి. "పోలీసు సెలెక్షనా సార్?" అని తెలుగులోనే అడిగి, తాళం తీసి, నా చేతిలోని అరటిపండ్లలో ఒకటి మొహమాటం లేకుండా తీసుకున్నాడు.

పరిగెత్తే చోట్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పోటీకి ముందు, తర్వాత కలిపి నేను ఎక్కువ కాలం గడిపింది వాటిలోనే.

కబ్బన్ పార్కుకు ఉన్న పేరు అంతా ఇంతా కాదు. 1870లో రిచర్డ్ సాంకీ వేసిన ఈ తోటలో ఆదివారాలు వాహనాలను రానివ్వరు. వెదురు పొదలు, ఎర్రటి హైకోర్టు భవనం, శేషాద్రి అయ్యర్ స్మారక గ్రంథాలయం చూస్తూ నెమ్మదిగా ఐదారు కిలోమీటర్లు పరిగెత్తడానికి ఇంతకన్నా అందమైన చోటు ఉండదు. కానీ లాంగ్ రన్‌కు ఇది నాకు నచ్చలేదు. ఏడు దాటితే కుక్కలతో వచ్చేవాళ్లు, సైకిళ్లు నేర్చుకునే పిల్లలు, ఫొటోలు దిగేవాళ్లు. ప్రతి నిమిషం ఎవరినో తప్పించుకోవాలి. చెట్ల కింద చేతి గడియారంలోని జీపీఎస్ కూడా ఇష్టం వచ్చినట్టు చూపిస్తుంది. ఒక కిలోమీటరు ఐదు నిమిషాల్లో, పక్కది ఏడున్నర నిమిషాల్లో వచ్చిందంటే తప్పు కాళ్లది కాదు.

నా ఓటు లాల్‌బాగ్‌కు. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట, ఇప్పుడు 240 ఎకరాలు. పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లకు టిక్కెట్టు ఉండదు. మెట్రో దిగితే పడమటి గేటు ఎదురుగానే. లోపల మూడు వందల కోట్ల సంవత్సరాల నాటి రాతిగుట్ట ఉంది, దాని మీద కెంపేగౌడ బురుజు. ఆ గుట్ట మీద పరుగు వద్దు, మోకాళ్లకు మంచిది కాదు, జనానికి అడ్డం కూడా. గుట్ట చుట్టూ ఉన్న దారుల్లో మాత్రం చిన్న చిన్న ఎత్తులు, వెంటనే పల్లాలు ఉంటాయి. ఫ్లైఓవర్లకు పేరుబడ్డ హైదరాబాద్ మారథాన్‌కు ఇదే కావలసిన సాధన. ఎత్తులో వేగం చూసుకోకుండా శ్రమను ఒకే స్థాయిలో ఉంచడం ఇక్కడ బాగా అలవాటవుతుంది. పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే తేలిక పరుగు. రెండు మూడు మాటలకు ఊపిరి తీసుకోవాల్సి వస్తే టెంపో, అంటే కాస్త కష్టంగా ఉన్నా నిలకడగా సాగే పరుగు. మాటే రాకపోతే ఇంటర్వెల్స్ వేగం, అంటే మధ్యమధ్యలో ఆగుతూ చేసే జోరు పరుగులది. వారంలో ఎక్కువ భాగం మొదటి రకంగానే ఉండాలి. మనలో చాలామంది అన్ని రోజులూ రెండో రకంగా పరిగెత్తి, ఆదివారానికి కాళ్లీడ్చుకుంటారు.

ఇరవై కిలోమీటర్లు దాటిన లాంగ్ రన్‌కు అయితే హెబ్బాళ్ దాటాక ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయం, అందరూ జీకేవీకే అని పిలిచేది. పొలాలు, తోటల మధ్య విశాలమైన దారులు, వాహనాలు తక్కువ. బయటివాళ్లను ఏ వేళల్లో రానిస్తారో గేటు దగ్గర అడిగి మరీ వెళ్లాలి, గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి. లోపల నీళ్లు దొరుకుతాయనుకోకూడదు, సీసా మనమే మోసుకోవాలి. గంట దాటిన పరుగులో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందాలని చెబుతారు. పరుగులో మింగే తీపి జెల్ ప్యాకెట్ ఒక్కొక్కదానిలో సుమారు పాతిక గ్రాములు ఉంటుంది, ధర మాత్రం భోజనమంత. ఖర్జూరాలు, వేరుశనగ లేని పల్చటి బెల్లం ముక్కలు నాకు అంతే పని చేశాయి.

నంది హిల్స్ గురించి అందరూ చెబుతారు. 1,478 మీటర్ల ఎత్తు, మేఘాలు కాళ్ల కింద తేలుతాయి, నిజమే. వారాంతంలో అక్కడికి చేరే కార్ల వరుస కూడా చూసితీరాలి. మొదటి మారథాన్‌కు తయారయ్యేవాళ్లకు అంత నిటారు కొండ అనవసరం. ఎక్కడం కన్నా దిగడంలోనే తొడ కండరాలు దెబ్బతింటాయి, ఆ నొప్పి కొన్ని రోజుల దాకా వదలదు. సూర్యోదయం చూడాలనుంటే పోటీ అయ్యాక కారులో వెళ్లండి.

పోటీ నిర్వాహకుల సేవల్లో బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబరు) పంపిణీ బాగుంది. పోటీ రోజున ఇవ్వరు, ముందు రోజుల్లోనే ఎక్స్‌పో అనే ప్రదర్శనకు వెళ్లి తీసుకోవాలి. పాత పోటీలో వచ్చిన సమయం ధ్రువపత్రం ముందే పంపినవాళ్లకు ముందు వరుసలు దక్కుతాయి, ఈ పని మరవద్దు. వెనక వరుసలో చిక్కుకుంటే మొదటి కిలోమీటరు నడకే. ఎక్స్‌పోలో ఒకచోట ట్రెడ్‌మిల్ మీద రెండు నిమిషాలు పరిగెత్తించి, పాదం లోపలికి వాలుతోందని చెప్పి, పద్నాలుగు వేల బూట్లు చూపించారు. కొనలేదు. పాదం అలా వాలడం దానికదే జబ్బు కాదు. వేసుకున్న వెంటనే సౌకర్యంగా ఉన్న బూట్లే సరైన బూట్లు, అవి పోటీకి ముందు రోజు కొనేవి కావు. శనివారం సాయంత్రం మసాజ్ కూడా అలాంటిదే, అలవాటు లేనివాళ్లు దాని జోలికి పోకపోవడం మేలు.

పోటీలో నా ప్రణాళిక ఒక్కటే: మొదటి మూడు కిలోమీటర్లలో నన్ను ఎంతమంది దాటితే అంత మంచిది. డోలు చప్పుడు, చల్లగాలి, రోడ్డు పక్కన చప్పట్లు, వందల మంది దూసుకుపోయారు. నా ముందు చుడీదార్, మామూలు కాన్వాసు బూట్లతో అరవై దాటిన ఒక పెద్దావిడ ఉన్నారు. చేతికి గడియారం లేదు. ఎత్తు రాగానే ఆవిడ అడుగు సగానికి కుదించేవారు, చూపు పది అడుగుల ముందు నేల మీద నిలిపేవారు, మోచేతులు మాత్రం అదే లయలో ఊగేవి. పల్లంలో అడుగు మళ్లీ సాగేది. ఉల్సూరు చెరువు వైపు వచ్చేసరికి, మమ్మల్ని మొదట్లో దాటినవాళ్లు నడుముల మీద చేతులు పెట్టుకుని నడుస్తున్నారు. ఆవిడ వాళ్ల పక్కనుంచి వేగం పెంచకుండానే వెళ్లిపోయారు. గీత దాటాక నీళ్ల బల్ల దగ్గర పలకరిస్తే హిందూపురం అన్నారు. "తొందరెందుకు బాబూ, గీత ఎక్కడికీ పోదు కదా."

1977లో మోర్గాన్, పొలాక్ అనే పరిశోధకులు మేటి మారథాన్ రన్నర్లను ఒక ప్రశ్న అడిగారు: పరిగెత్తేటప్పుడు మనసులో ఏముంటుంది? శ్రమను మరిచిపోవడానికి పాటలో ఇల్లో తలచుకుంటారని వాళ్లు అనుకున్నారు. తేలింది వేరు. మేటి రన్నర్లు ఎక్కువగా తమ ఊపిరిని, కాళ్ల బరువును, కండరాల బిగువును గమనించుకుంటూ, దానికి తగ్గట్టు వేగం సర్దుకుంటారట. నేను చేసేది దీనికి చిన్న రూపం. ప్రతి కిలోమీటరు బోర్డు దగ్గర మూడు మాటలు: భుజాలు, పిడికిలి, ఊపిరి. భుజాలు చెవుల దాకా లేచి ఉంటే దించుతాను, పిడికిలి బిగిసి ఉంటే వదులుతాను, ఊపిరి లయ తప్పితే అడుగు తగ్గిస్తాను. ఎనిమిదో కిలోమీటరులో మనసు "ఇక్కడ ఆగితే ఎవరు చూస్తారు" అని మొదలుపెడుతుంది. దానితో వాదానికి దిగితే అదే గెలుస్తుంది. తర్వాతి చెట్టు దాకా అని గడువు పెట్టాలి, చెట్టు వచ్చాక ఇంకో చెట్టు. చెట్లకు బెంగళూరులో ఇంకా కొదవ రాలేదు.

నీళ్ల బల్లలు సరిపడా ఉన్నాయి. ప్రతి బల్ల దగ్గరా తాగాలన్న నియమం మాత్రం లేదు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం పడిపోయి ఉంది, ప్రధాన కారణం దాహానికి మించి తాగడం. పది కిలోమీటర్లకు, అదీ చల్లటి పొద్దున, దాహమేసినప్పుడు రెండు గుక్కలు చాలు.

పోటీ తర్వాత తిండికి లాల్‌బాగ్ రోడ్డులోని ఎం.టి.ఆర్. 1924 నాటి హోటలు, రవ్వ ఇడ్లీ పుట్టినిల్లు. ఆదివారం వేచి ఉండక తప్పదు, మెడలో పతకంతో ఉన్నవాళ్లకు మినహాయింపేమీ లేదు. ఆకలి ఆగకపోతే ఏ వీధిలోనైనా దర్శిని ఉంటుంది, నిలబడి తినాలి గాని ఇడ్లీ వెంటనే వస్తుంది. ఆ తర్వాత ఆటో ఎక్కి మారతహళ్లి. గోంగూర ఎదురుచూస్తోంది.

తిరుగు రైలుకు టిక్కెట్టు తీసేటప్పుడు లోయర్ బెర్తు పడేదాకా పట్టు వదలకండి. పోటీ అయిన రాత్రి పై బెర్తు ఎక్కడం ఎలాగో అయిపోతుంది, అర్ధరాత్రి బాత్రూముకు దిగడమే కష్టం.