విమానం దిగాక మైపాడు ఎంత దూరం?

నెల్లూరు జిల్లాకు విమానాశ్రయం లేదు, ప్రకాశానికీ లేదు. నెల్లూరు దగ్గరి దగదర్తిలో కడతామన్న మాట ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. అక్కడ విమానం దిగిన రోజున చూసుకుందాం. ఈలోపు మైపాడు బీచికి గాల్లో రావాలనుకునేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది చెన్నైలో దిగాలా, రేణిగుంటలో దిగాలా అన్నది. పుణె నుంచి నేను, మా ఆవిడ, మా అత్తగారు బయల్దేరాం. వెళ్లేటప్పుడు చెన్నై మీదుగా వెళ్లి, వచ్చేటప్పుడు రేణిగుంటలో ఎక్కి హైదరాబాదులో విమానం మారాం. రెండు దారులూ చూశాక నా ఓటు చెన్నైకే.

మ్యాపు చూస్తే రేణిగుంటే దగ్గర. అక్కణ్ణించి నెల్లూరు 130 కిలోమీటర్లు, చెన్నై నుంచైతే 175 దాకా ఉంటుంది. కానీ మనకు కావాల్సింది కిలోమీటర్లు కాదు, బండ్లు. హౌరా, ఢిల్లీ వైపు పోయే రైళ్లన్నీ చెన్నై నుంచి ఈ లైనులోనే వెళ్తాయి. వాటిలో నెల్లూరులో ఆగేవి పగలూ రాత్రీ దొరుకుతూనే ఉంటాయి. రేణిగుంట విమానాశ్రయం బయట మాత్రం టాక్సీవాళ్లంతా మనం కొండకే వెళ్తున్నామనుకుంటారు. నెల్లూరు అనగానే రేటు మారిపోతుంది. ఆటోలో రేణిగుంట ఊళ్లోకి వెళ్లి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా పోయే బస్సు పట్టుకోవచ్చు. తిరుమల దర్శనం కూడా కలుపుకునేవాళ్లకు ఈ దారి బాగుంటుంది. సముద్రం కోసమే అయితే అక్కర్లేదు.

చెన్నైలో విమానాశ్రయాన్ని ఆనుకునే మెట్రో స్టేషను ఉంది. పెట్టెలతో రోడ్డు మీదికి రాకుండానే రైలెక్కి సెంట్రల్లో దిగొచ్చు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు కాబట్టి లిఫ్టులు ఉండటం మాకు పెద్ద ఊరట. భూమి లోపలి స్టేషను నుంచి పైన రైళ్లు ఆగే చోటికి మాత్రం కాస్త ఎక్కువే నడవాలి. పెద్దవాళ్లుంటే దానికి వేరేగా టైము ఉంచుకోండి.

బస్సులో వద్దామనుకునేవాళ్లకు ఒక మాట. చెన్నైలో ఆంధ్రా బస్సులు కోయంబేడు బస్టాండు నుంచి మాధవరం బస్టాండుకు మారి చాలా కాలమైంది. అలవాటు కొద్దీ ఇప్పటికీ కోయంబేడు వెళ్లి నిలబడేవాళ్లున్నారు.

మేం పినాకినీ ఎక్కాం. పెన్నానది పేరు పెట్టుకున్న బండి, మధ్యాహ్నం చెన్నైలో బయల్దేరుతుంది. విమానం ఉదయం దిగితే సరిగ్గా సరిపోతుంది. ఆరంబాకం దాటి తడ వచ్చేసరికి స్టేషను బోర్డులు తెలుగులోకి మారిపోతాయి. మా అత్తగారు అప్పుడు కిటికీ పక్క సీటు అడిగి తీసుకున్నారు. సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు అని పేర్లు చదువుకుంటూ, ఏ ఊళ్లో ఎవరి పెళ్లికి వెళ్లారో చెప్తూ వచ్చారు.

హైదరాబాదు వాళ్లయితే విమానం సంగతే మరచిపోండి. సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి పడుకుంటే తెల్లారేసరికి నెల్లూరు. నారాయణాద్రి, చార్మినార్ కూడా ఉన్నాయి. పగలే రావాలంటే 2023 ఏప్రిల్ నుంచి సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ ఒంగోల్లోనూ నెల్లూరులోనూ ఆగుతోంది. శంషాబాద్ వెళ్లి, మూడు వరసల్లో నిలబడి, రేణిగుంటలో దిగి మళ్లీ బస్సెక్కడం కంటే ఇదే హాయి.

ఇక అసలు పరీక్ష నెల్లూరు నుంచి మైపాడు దాకా ఉన్న పాతిక కిలోమీటర్లు. పల్లెవెలుగు బస్సులు ఉన్నాయి, నెల్లూరులోని మైపాడు గేటు దగ్గర షేరాటోలూ దొరుకుతాయి. మేం బస్సే ఎక్కాం. కండక్టరు మా అత్తగారి దగ్గరికొచ్చి, "ఆధార్ కార్డుండాదా అమ్మా?" అన్నాడు. "ఉండాది నాయనా" అని ఆవిడ కొంగుముడి విప్పి తీశారు. నెల్లూరు అడ్రసే కాబట్టి ఆంధ్రా ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకం స్త్రీ శక్తి కింద సున్నా టికెట్టు ఇచ్చాడు. మా ఆవిడ కార్డులో పుణె అడ్రసు. "మీరు డబ్బులు ఇయ్యాల్సిందే మేడం" అన్నాడు. తల్లి పక్క సీట్లోనే కూర్చుని కూతురు టికెట్టు కొనుక్కుంది. ఇందుకూరుపేట దాటేదాకా ఆ వేళాకోళం ఆగలేదు.

ఇందుకూరుపేట నుంచి దారికి రెండు వైపులా వరి, రొయ్యల గుంటలు. గుంటల్లో ఏరియేటర్ల రెక్కలు తెల్లగా నురుగు చిమ్ముతూ తిరుగుతుంటాయి. బస్సులో ఒకావిడ ఖాళీ చేపల గంపను కాళ్ల మధ్య పెట్టుకుని కునుకు తీస్తోంది. దాని వాసన చివరిదాకా మాతోనే వచ్చింది. నాకైతే ఏసీ కారు కంటే ఈ ప్రయాణమే నచ్చింది.

మైపాడు సముద్రం తూర్పు ముఖం కాబట్టి అందం అంతా తెల్లవారుజామునే. నెల్లూరు పట్నంలో ఉంటే తొలి బస్సుతో వచ్చినా సూర్యోదయం అందదు. అందుకని ఒక రాత్రి ఒడ్డుకు దగ్గర్లో ప్రైవేటు గది తీసుకున్నాం. ఉప్పుగాలికి గడియ తుప్పుపట్టి, భుజంతో నెడితేగాని తలుపు పడలేదు. వేడినీళ్లు బకెట్టు లెక్కన తెచ్చిచ్చారు, అదీ రెండు సార్లు అడిగాక. అడిగిన అద్దెకు నెల్లూరులో ఏసీ గది వస్తుంది. అయినా పొద్దున్నే పడవలు ఒడ్డుకు లాగుతుంటే చూడాలంటే ఒక్క రాత్రి సర్దుకోవచ్చు. రెండో రాత్రికి నెల్లూరు ట్రంకు రోడ్డు లాడ్జీకి వచ్చేయండి. పిల్లలు, పెద్దలు ఉంటే మరీను.

తిండికి లోటు లేదు. ఒడ్డునే రొయ్యలు, చేపలు కళ్లముందే వేయించి పెడతారు. ధర ముందే మాట్లాడుకోండి. అసలైన చేపల పులుసు కావాలంటే మాత్రం పట్నంలోనే తినాలి. మామిడికాయ వేసిన పులుసు, అదీ ముందురోజు వండింది దొరికితే వదలొద్దు.

నీళ్లలో దిగే విషయంలో సరదా పనికిరాదు. ఒడ్డు చూడ్డానికి చదునుగా ఉన్నా లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి. మోకాళ్ల లోతు దాటకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం, టికెట్లు ముందే కొనేసుకోవద్దు. జనవరి, ఫిబ్రవరి హాయిగా ఉంటుంది.

ప్రకాశం వైపు కొత్తపట్నం కూడా చూశాం. ఒంగోలు నుంచి 18 కిలోమీటర్లే, ఇది మైపాడు కంటే దగ్గర. ఊళ్లో బస్సు దిగి పల్లెపాలెం వైపు ఆటోలో వెళ్లాలి. దుకాణాలు తక్కువ, జనమూ తక్కువే. ప్రశాంతత కావాలంటే ఇదే మేలు. రాత్రి బసకు మాత్రం ఒంగోలే గతి. విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లకు ఇది సులువు, గన్నవరంలో దిగి విజయవాడలో రైలెక్కితే ఒంగోలు వచ్చేస్తారు.

ఎక్కడికి వెళ్లినా తిరుగు బస్సు వేళలు దిగగానే కండక్టరునే అడిగి పెట్టుకోండి. మేం అడగడం వల్లే సాయంత్రం బస్సు దొరికింది. పొద్దుగూకాక ఆటోవాళ్లు చెప్పే రేటుకు బేరం ఉండదు. మా కళ్లముందే ఒక కుటుంబం వెళ్లేటప్పుడు ఇచ్చినదానికి మూడింతలు ఇచ్చి ఎక్కింది.

విమానం ఉన్న రోజున ఒడ్డు నుంచి నేరుగా బయల్దేరే సాహసం చేయకండి. ముందు రాత్రే పట్నం చేరిపోవాలి. ఇంటికి పట్టుకెళ్లడానికి మలై కాజా మంచిది. ఎండు చేపలు కొంటే మాత్రం నాలుగు కవర్లు చుట్టి చెకిన్ పెట్టెలో అడుగున పెట్టండి. మా అత్తగారు మూడే చుట్టారు.