హిమాలయాల నడకకు ఏ లెన్స్ మేలు: వైడా, టెలీనా?

దసరా సెలవులు దగ్గరపడితే చాలు, బెంగళూరులో మన తెలుగువాళ్ల ట్రెక్కింగ్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. "అన్నా, అన్నపూర్ణ సర్క్యూట్‌కి వెళ్తున్నాం. కెమెరాతో పాటు ఒక్క లెన్సే మోయగలను. వైడ్ పెట్టుకోనా, టెలీ పెట్టుకోనా?" మారతహళ్లి వాళ్లూ ఇదే అడుగుతారు, వైట్‌ఫీల్డ్ వాళ్లూ ఇదే అడుగుతారు. అన్నపూర్ణ సర్క్యూట్ అంటే నేపాల్‌లో అన్నపూర్ణ కొండల చుట్టూ తిరిగే నడకదారి. వైడ్ అంటే వెడల్పుగా చూసే లెన్స్, టెలీ అంటే దూరంగా ఉన్నదాన్ని దగ్గరకు లాగే లెన్స్. చాలామంది అప్పటికే వైడ్ వైపు మొగ్గి ఉంటారు. కొండలు పెద్దవి కాబట్టి వాటిని పట్టడానికి వెడల్పుగా చూసే లెన్స్ కావాలని వాళ్ల ఆలోచన. నా మొగ్గు టెలీ వైపు. పోయిన సీజన్‌లో నేను మోసుకెళ్లిందీ అదే. అయితే వైడ్ గెలిచే చోట్లు కూడా ఉన్నాయి, అవీ చెప్తాను.

నా దృష్టిలో అసలు విషయం కొండ ఫొటోలో ఎంత కనిపిస్తుందన్నదే. పూన్‌హిల్ అనే వ్యూపాయింట్ ఎత్తు 3,210 మీటర్లు. అక్కణ్ణుంచి కనిపించే ధౌలగిరి 8,167 మీటర్లు. అంటే మనం నిలబడ్డ చోటి నుంచి ఇంకో ఐదు వేల మీటర్లు పైకి లేచి ఉంటుంది. చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ అది మనకు 35 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్ ఉన్న) కెమెరాను అడ్డంగా పట్టుకుని 24 మి.మీ. దగ్గర తీస్తే (లెన్స్ మీది ఈ అంకె తగ్గేకొద్దీ వెడల్పు, పెరిగేకొద్దీ దగ్గర), లెక్క ప్రకారం ఆ ఐదు వేల మీటర్లూ ఫ్రేమ్ ఎత్తులో ఎనిమిదో వంతుకు కుదించుకుపోతాయి. 16 మి.మీ. అయితే ఇంచుమించు పన్నెండో వంతు. అదే 100 మి.మీ. దగ్గర తీస్తే సగం దాటుతుంది. ఇంటికొచ్చాక వైడ్ ఫొటో చూపిస్తే అమ్మావాళ్లు "ఇందులో కొండ ఏదిరా?" అని అడిగేది అందుకే. మన కన్ను అంత పెద్ద దృశ్యంలో శిఖరం మీదే నిలుస్తుంది, మిగతాది పట్టించుకోదు. టెలీ కూడా అలాగే చూస్తుంది.

రెండోది పొద్దుటి వెలుతురు. సూర్యుడి మొదటి కిరణాలు శిఖరాల కొసలకే తగులుతాయి. లోయ అప్పటికింకా చీకట్లోనే ఉంటుంది. వైడ్‌లో ఆ రెండూ ఒకే ఫ్రేమ్‌లోకి వస్తాయి. లోయ కనిపించేలా ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వచ్చే వెలుతురు మోతాదు) పెడితే మంచు తెల్లగా పేలిపోతుంది, మంచుకు సరిపెడితే కింద అంతా నల్లముద్ద అవుతుంది. టెలీతో ఆ బంగారు రంగు పట్టిన ముక్క వరకే తీసుకోవచ్చు. మధ్యాహ్నం మబ్బులు కమ్మినప్పుడూ ఇంతే. వైడ్‌కి అప్పుడు బూడిదరంగు ఆకాశం తప్ప ఏమీ మిగలదు. మబ్బుల సందులోంచి గంగపూర్ణ శిఖరం గోడ ఒక్క నిమిషం బయటపడితే టెలీకి అది చాలు.

ఇంకోటి, మనం ఎంత దూరంలో నిలబడ్డామన్నది చేసే పని. దారిలోని ఎగువ పిసాంగ్ ఊళ్లో ఇళ్ల పక్కనే నిలబడి వైడ్‌తో తీస్తే ఇళ్లు పెద్దగా, వెనక అన్నపూర్ణ-2 చిన్నగా వస్తాయి. ఊరి నుంచి బాగా వెనక్కి నడిచి 150 లేదా 200 మి.మీ. దగ్గర తీయండి. ఇళ్ల కప్పుల మీదే 7,937 మీటర్ల శిఖరం కూర్చున్నట్టు వస్తుంది. ఆ ఊళ్లో బతకడమంటే ఏమిటో ఆ ఫొటోలోనే తెలుస్తుంది. మనాంగ్ దగ్గర కొండకు అతుక్కున్న బ్రాగా ఊరిని కూడా ఎదుటి వైపు నుంచి ఇలాగే తీయాలి.

ఇక వైడ్ ఎక్కడ తప్పనిసరి అంటే, బెసిసహర్ నుంచి చామే దాకా ఉండే ఇరుకు లోయలో. అక్కడ జలపాతాలు, వేలాడే వంతెనలు, నిలువు రాళ్లు అన్నీ మన మీదికే వచ్చినట్టుంటాయి. వెనక్కి జరగడానికి చోటుండదు. రాత్రి నక్షత్రాలకు, లాడ్జి వంటగదిలో పొయ్యి చుట్టూ చేరినవాళ్లను తీయడానికి కూడా వైడే. 4,919 మీటర్ల ఎత్తులో ఉన్న తిలిచో సరస్సు మొత్తం ఒక్క ఫ్రేమ్‌లో పట్టాలన్నా అదే కావాలి. వైడ్ మీద పోలరైజర్ (ఆకాశం నీలాన్ని ముదురు చేసే ఫిల్టర్) మాత్రం వద్దు. ఆకాశంలో ఒక మూల ముదురు నీలం, ఇంకో మూల లేత నీలం వచ్చి మచ్చలా కనిపిస్తుంది.

సీజన్ కూడా చూసుకోండి. వర్షాలు వెనక్కి తగ్గాక అక్టోబరు, నవంబరుల్లో గాలి కడిగినట్టుంటుంది కాబట్టి టెలీ బాగా పనిచేస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో దుమ్ము, అడవి మంటల పొగ వల్ల దూరపు కొండలు మసకబారతాయి. టెలీ ఆ మసకను కూడా దగ్గరకు లాగుతుంది. అదే సమయంలో పూన్‌హిల్ దగ్గరి ఘోరెపానీ ఊరి చుట్టూ రోడోడెండ్రాన్ చెట్లు ఎర్రగా పూసి ఉంటాయి. ఆ నెలల్లో వెళ్తే నేను కూడా వైడే పెట్టుకుంటాను.

బరువు సంగతి చాలామంది అనుకున్నంత తేడా కాదు. సోనీ కెమెరా బాడీలకు వచ్చే టామ్రాన్ కంపెనీ వైడ్ లెన్స్ 17-28 బరువు 420 గ్రాములు, అదే కంపెనీ టెలీ 70-300 బరువు 545 గ్రాములు. 5,416 మీటర్ల థొరాంగ్ లా కనుమ ఎక్కేటప్పుడు ప్రతి గ్రామూ తెలుస్తుంది, నిజమే. కానీ ఈ 125 గ్రాముల కోసం శిఖరాలను వదులుకోలేను. ఆ 70-300 లెన్స్‌లో చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ లేదు, కాబట్టి మీ బాడీలో ఉందో లేదో చూసుకోండి. జోమ్‌సోమ్ వైపు కాళీ గండకి లోయలో పొద్దెక్కాక గాలి ఎంత గట్టిగా వీస్తుందంటే విమానాలు కూడా ఉదయమే నడుపుతారు. ఆ గాలిలో 300 మి.మీ. దగ్గర షట్టర్ స్పీడ్ 1/500 సెకను కంటే తగ్గించకండి. లెన్స్ మార్చే పని అసలే పెట్టుకోకండి, దుమ్మంతా సెన్సార్ మీద పడుతుంది. ఒక్క లెన్సే తీసుకెళ్లమని చెప్పడానికి నాకు బరువు కన్నా ఇదే పెద్ద కారణం.

"మరి వైడ్ ఫొటోలు వదిలేసుకోవాలా?" అంటారు. అక్కర్లేదు. మీ జేబులో ఫోన్ ఉంది. దాని మెయిన్ కెమెరా సుమారు 24 మి.మీ., అల్ట్రావైడ్ ఇంకా వెడల్పు. పగటి వెలుతురులో వంతెనకూ లోయకూ సరస్సుకూ అది చాలు. మెడలో కూడా వైడ్ వేసుకుంటే ఒకే పని చేసే రెండు వస్తువులు మోస్తున్నట్టే. మీ ఫోన్‌లో 5ఎక్స్ టెలీ, అంటే 120 మి.మీ. వరకు ఉన్నా అది చిన్న సెన్సార్. పూర్తి ఎండలో బాగుంటుంది, తెల్లవారుజామున తేలిపోతుంది. మనకు కావలసింది మాత్రం ఆ తెల్లవారుజామే.

మధ్యేమార్గంగా టామ్రాన్‌దే 28-200 లెన్స్ ఉంది, 575 గ్రాములు. ఇంటిల్లిపాదితో ముక్తినాథ్ దర్శనం కూడా కలుపుకుని వెళ్లేవాళ్లకు, మనుషుల ఫొటోలు ఎక్కువ తీసేవాళ్లకు ఇది మంచిది. 108 ధారల కింద నాన్న స్నానం చేస్తుంటే, టెలీలో అన్నిటికన్నా వెడల్పైన 70 మి.మీ. కూడా చాలా దగ్గరైపోతుంది. జూమ్ లేని ఫిక్స్‌డ్ లెన్సులు ఈ దారికి వద్దు. యాక్షన్ కెమెరా వీడియోకి సరే. డ్రోన్ అయితే నేపాల్‌లో ముందుగా అనుమతులు తీసుకోవాలి, ఆ టెన్షన్ అవసరం లేదు.

కొనే ముందు ఒక పని చేయండి. బెంగళూరులో లెన్సులు అద్దెకిచ్చే షాపులు చాలానే ఉన్నాయి. రెండు లెన్సులూ ఒక రోజుకు తెచ్చుకుని, రద్దీ లేని వారం మధ్యలో నంది హిల్స్‌కి పొద్దున్నే వెళ్లండి. మంచు తెరల్లోంచి స్కందగిరి వైపు వరసగా పొరలు పొరలుగా కనిపించే కొండలను ముందు 17 దగ్గర, తర్వాత 200 దగ్గర తీసి, ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టి చూసుకోండి. అప్పటికీ మీకు వైడే నచ్చితే నిశ్చింతగా అదే తీసుకెళ్లండి.