ఇంట్లో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషిన్: మూడు బతుకమ్మలు దాటాక

షోరూమ్‌లో డెమో ఇచ్చే అబ్బాయి మొట్టమొదట చెప్పే మాట, "మేడమ్, ఇందులో వందకు పైగా డిజైన్లు ఇన్‌బిల్ట్‌గా వస్తాయి" అని. ఆ వందలో మన బ్లౌజ్ మీద వేసుకోదగ్గవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. క్రిస్మస్ చెట్టు, టెడ్డీబేర్, రెండు మూడు గులాబీలు, నాలుగైదు రకాల ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. నెమలి, మామిడి పిందె, ఏనుగు, మెడ చుట్టూ తిరిగే లత కావాలంటే బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే. మెషిన్ మా ఇంటికొచ్చాక మూడు బతుకమ్మలు దాటాయి. ఆ ఇన్‌బిల్ట్ డిజైన్లలో పిల్లల టవళ్ల మీద వేసే అక్షరాలు తప్ప ఇంకేవీ నాకు పెద్దగా అక్కరకు రాలేదు. అందుకే ఎవరడిగినా ముందు హూప్ సైజు కనుక్కోమంటాను.

హూప్ అంటే గుడ్డను బిగించే ఫ్రేమ్. డిజైన్ ఎంత పెద్దదైనా ఆ ఫ్రేమ్ లోపలే పడాలి, బయటికి ఒక్క కుట్టు కూడా వెళ్లదు. చిన్న మెషిన్లకు కుట్టే జాగా 100 బై 100 మిల్లీమీటర్లు, అంటే నాలుగంగుళాల చదరం. తర్వాతి సైజు 130 బై 180, అందరూ అంగుళాల్లో ఐదు బై ఏడు అనేది దీన్నే. ఉషా జనోమ్ మెమరీ క్రాఫ్ట్ 450ఈ లాంటి వాటికి 200 బై 280 వస్తుంది. టేప్ తీసుకుని మీ బ్లౌజ్ వెనక మెడ ఒకసారి కొలిచి చూడండి. మెడ వెడల్పు ఆరేడు అంగుళాలు, దానికి రెండు పక్కలా డిజైన్ మందం కలిపితే తొమ్మిది పది అంగుళాలు తేలుతుంది. నాలుగంగుళాల హూప్‌తో అది నాలుగైదు ముక్కలవుతుంది. ఐదు బై ఏడులో రెండు మూడు ముక్కలు. పెద్ద హూప్‌ను అడ్డంగా తిప్పుకుంటే ఒక్కసారికే సరిపోవచ్చు, కానీ ఇప్పటి లోతు మెడలకు దానికీ రెండోసారి బిగించక తప్పడం లేదు.

నాది ఐదు బై ఏడు. బడ్జెట్ అంతవరకే ఉంది, దానితోనే సర్దుకుపోతున్నాను. ముక్కలు కలిపే పని నేర్చుకుంటే వస్తుంది కానీ ఓపిక కావాలి. డిజైన్‌ను అసలు సైజులోనే కాగితం మీద ప్రింట్ తీస్తాను. అందులో మధ్య ప్లస్ గుర్తు ఉంటుంది. కాగితాన్ని గుడ్డ మీద పరిచి, గుండుసూదితో ఆ గుర్తు దగ్గర గుచ్చి, కింద చాక్‌తో నిలువు గీత, అడ్డ గీత గీస్తాను. హూప్ మెషిన్‌కు తగిలించాక పక్కనున్న చక్రాన్ని చేత్తో తిప్పి సూదిని మెల్లగా దించి, మొన సరిగ్గా ఆ గీతలు కలిసిన చోట ఆనిందా లేదా చూస్తాను. ఆనకపోతే స్క్రీన్ మీద బాణం గుర్తులతో జరపాలి. ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా లత అతికించినట్టు కనబడుతుంది. అందుకే ముక్కలుగా వేయాల్సిన మెడకు ఒకే పొడవాటి తీగ ఉన్న డిజైన్ ఎంచుకోను. పువ్వుకీ పువ్వుకీ మధ్య ఖాళీ ఉన్నది తీసుకుంటే అతుకు ఆ ఖాళీలో కలిసిపోతుంది.

హైదరాబాద్‌లో ఈ మాట ఎత్తగానే ఎవరో ఒకరు "అమెరికాలో మా వాళ్లున్నారు, వచ్చేటప్పుడు తెమ్మంటా" అంటారు. మా ఆడపడుచు కూడా అదే అంది. "వదినా, అక్కడ సేల్‌లో చాలా తక్కువకి వస్తోంది, సూట్‌కేసులో పెట్టేస్తా" అని. వద్దన్నాను. అక్కడి మెషిన్లు 120 వోల్టులకు చేసినవి, మన కరెంటు 230. నేరుగా ప్లగ్‌లో పెడితే మెషిన్ లోపలి బోర్డు కాలిపోతుంది. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుని వాడుతున్న వాళ్లు ఉన్నారు, బాగానే నడుస్తోందంటారు కూడా. అయితే అక్కడి వారంటీ ఇక్కడ పనిచేయదు, మోడల్ ఇక్కడ అమ్మనిదైతే విడిభాగం దొరకడం కష్టం. లక్షకు అటూ ఇటూ అయ్యే వస్తువు మీద నాకంత ధైర్యం లేదు.

కుట్టు, ఎంబ్రాయిడరీ రెండూ చేసే కాంబో కొనాలా, ఉత్త ఎంబ్రాయిడరీది కొనాలా అనేది రెండో సందేహం. ఇంట్లో ఇప్పటికే మామూలు కుట్టుమిషన్ ఉంటే ఉత్త ఎంబ్రాయిడరీదే తీసుకోండి. ఒక డిజైన్ పడుతున్నంతసేపూ కాంబోతో ఇంకో పని చేయలేరు. నేను మెడ డిజైన్ నడుస్తుండగా పక్కన పాత మెషిన్ మీద లైనింగ్ కుట్టుకుంటాను, ఫాల్ కుట్టుకుంటాను. ఇల్లు ఇరుకు, ఒక్క టేబుల్‌కే చోటుంది అనుకునేవాళ్లకు కాంబో తప్పదేమో.

టేబుల్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. హూప్ ముందుకీ వెనక్కీ పక్కలకీ గబగబా కదులుతుంది, ఊగే టేబుల్ అయితే దాంతోపాటు మెషినూ ఊగుతుంది, పువ్వు ఒక చోట, దాని చుట్టూ అవుట్‌లైన్ ఇంకో చోట పడుతుంది. డైనింగ్ టేబుల్ మీద వద్దు. గోడకు ఆనించి, నాలుగు కాళ్లూ నేలకు గట్టిగా ఆనే బరువైన టేబుల్ ఉండాలి.

ఇక అసలు పని. స్క్రీన్ వాడటం ఫోన్ వాడేవాళ్లెవరికైనా ఒక పూటలో వచ్చేస్తుంది. గుడ్డను హూప్‌లో బిగించడం మాత్రం నెలల తరబడి నేర్చుకునే విద్య. బ్లౌజ్ పీస్ కత్తిరించకముందే ఎంబ్రాయిడరీ చేయాలి. కత్తిరించాక ముక్క చిన్నదై హూప్ అంచులకు అందదు, ఏటవాలు అంచులు సాగిపోతాయి. పీస్ మీద వెనక భాగం, ముందు భాగం, చేతులు అన్నీ గీసుకుని, కుట్టుకు వదిలే అంచు కూడా గీసుకుని, ఆ గీతల లోపల డిజైన్ వేసి, అప్పుడు కత్తెర పట్టాలి. గుడ్డ కింద బ్యాకింగ్ పేపర్ లేకుండా ఒక్క కుట్టు కూడా వేయొద్దు. కుట్లు గుడ్డను లోపలికి లాగుతాయి, ఆ లాగుడును ఆపేది ఈ పేపరే. కాటన్‌కు, రా సిల్క్‌కు చించి తీసేసే రకం చాలు. సాగే గుడ్డకు, టీషర్టుకు చుట్టూ మిగిలింది మాత్రం కత్తిరించి తీసే రకం కావాలి, ఎందుకంటే లోపలిది కుట్ల వెనక అలాగే ఉండిపోయి ఉతికినప్పుడల్లా డిజైన్‌ను పట్టుకుంటుంది. టవల్ మీదైతే పైన నీళ్లలో కరిగిపోయే పల్చటి ప్లాస్టిక్ షీట్ లాంటిది పరచాలి, లేకపోతే అక్షరాలు నూగులో మునిగిపోతాయి.

పట్టు, వెల్వెట్ మీద హూప్ గట్టిగా బిగిస్తే హూప్ ఆకారంలో మరక పడినట్టు అచ్చు పడుతుంది, ఇస్త్రీ చేసినా కొన్నిసార్లు పోదు. వాటికి నేను హూప్‌లో పేపర్ ఒక్కటే బిగించి, గుడ్డను దాని మీద పరిచి, చుట్టూ పెద్ద పెద్ద కుట్లతో టాకా వేస్తాను. చాలా మెషిన్లలో ఈ టాకా డిజైన్ చుట్టూ అదే వేసుకునే బటన్ ఉంటుంది. గద్వాల్ చీరల బ్లౌజ్ పీస్‌లో జరీ అంచు మందంగా ఉంటుంది. దాని మీద నుంచి కుట్టు పోతే సూది త్వరగా మొద్దుబారుతుంది. అంచుకు పైన కాటన్ భాగంలో చిన్న బుటీలు చల్లి వదిలేస్తే చీరకు అందం, సూదికి సుఖం.

కొత్తగా కొన్నవాళ్లు నాకు ఎక్కువగా ఫోన్ చేసేది ఒకే సమస్యకు: "అక్కా, కింద దారం గూడు కట్టేస్తోంది, బాబిన్ పాడైందా?" అని. బాబిన్ అంటే కింద దారం చుట్టి పెట్టే చిన్న చక్రం. కింద దారం చిక్కుపడితే తప్పు చాలాసార్లు పైదారంలో ఉంటుంది. ప్రెసర్ ఫుట్, అంటే గుడ్డను నొక్కి పట్టే పాదం, దించి ఉంచి దారం ఎక్కిస్తే దారం టెన్షన్ పళ్లేల (దాన్ని బిగువుగా పట్టుకునే బిళ్లల) మధ్యకు దిగదు, వదులుగా జారుతుంది, ఆ వదులంతా కిందికి పోయి ముద్దకడుతుంది. ఫుట్ పైకెత్తి మొత్తం దారం తీసేసి మళ్లీ మొదటి నుంచి ఎక్కిస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే సూది మార్చండి. అప్పటికీ తేలకపోతే బాబిన్ చూడండి, కంపెనీ చెప్పిన ఎత్తుదే వాడాలి. బ్రదర్ కంపెనీ ఇంటి మెషిన్లలో చాలావాటికి 11.5 మిల్లీమీటర్లది. బజారులో దొరికేవన్నీ ఒకేలా కనబడతాయి, ఎత్తులో కాస్త తేడా ఉన్నా కేసులో సరిగా కూర్చోవు. కింద దారానికి పల్చటి బాబిన్ దారమే పెట్టాలి, పైన వాడే దారమే కిందా పెడితే డిజైన్ గట్టిపడి అట్టలా నిలబడుతుంది.

జరీ దారం గురించి విడిగా చెప్పాలి, మన బ్లౌజ్‌లకు అది లేకపోతే నడవదు కదా. మామూలు పాలియెస్టర్ దారానికి 75/11 సైజు సూది, నిమిషానికి 600 కుట్ల వేగం బాగుంటాయి. జరీకి అదే పెడితే ప్రతి ఆకుకీ ఒకసారి తెగుతుంది. లోపలి నూలు చుట్టూ చుట్టిన మెరుపు రేకు సూది కన్నులో ఒరుసుకుని లేచిపోతుంది, దారం తెగే ముందు సూది దగ్గర చిన్న కుచ్చులా పోగవడం కళ్లతోనే చూడొచ్చు. కన్ను పెద్దగా ఉండే 90/14 సూది పెట్టి, వేగం 400కి తగ్గించి, పైటెన్షన్ కొంచెం వదులు చేస్తే దారి కుదురుతుంది. రీల్‌ను మెషిన్ మీద పడుకోబెట్టకుండా వెనక కాస్త దూరంగా స్టాండ్‌లో నిలబెడితే దారంలోని మెలిక సూది దాకా రాకుండా దారిలోనే విడిపోతుంది. జరీ, లేసులు, లైనింగులు నేను సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో తెచ్చుకుంటాను. రీల్ కొనేముందు ఒక మూర దారం లాగి వేళ్ల మధ్య వదిలేసి చూడండి. స్ప్రింగులా చుట్టుకుపోతే అది హ్యాండ్ వర్క్‌కు పనికొస్తుందేమో కానీ మెషిన్‌కు వద్దు.

డిజైన్ ఫైళ్లు ఆన్‌లైన్‌లో కుప్పలుగా దొరుకుతాయి. మెషిన్‌ను బట్టి ఫైలు రకం మారుతుంది: బ్రదర్‌కు పీఈఎస్, జనోమ్‌కు జేఈఎఫ్, షాపుల పెద్ద మెషిన్లకు డీఎస్టీ. డీఎస్టీలో రంగుల సమాచారం ఉండదు, ఎక్కడ ఆగాలో మాత్రమే ఉంటుంది. స్క్రీన్ మీద నెమలి గులాబీ రంగులో కనబడితే కంగారు పడకండి, వరుస చూసుకుని మీ రంగు మీరు ఎక్కించుకోవడమే. సైజు మాత్రం మెషిన్‌లో మరీ పెంచకూడదు, తగ్గించకూడదు. చాలా మెషిన్లు కుట్ల సంఖ్య అలాగే ఉంచి డిజైన్‌ను సాగదీస్తాయి, పెంచితే గుడ్డ కనబడుతుంది, తగ్గిస్తే సూది విరుగుతుంది. సొంతంగా డిజైన్ చేయాలనుకుంటే షాపుల వాళ్లు వాడే విల్‌కామ్ సాఫ్ట్‌వేర్ ఖరీదెక్కువ. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ మీద నడిచే ఇంక్‌స్టిచ్ ఉచితం, నాకు దానితోనే నడిచిపోతోంది. ఫొటో పెట్టి ఒక బటన్ నొక్కితే ఎంబ్రాయిడరీ అయిపోతుందన్న ప్రకటనలు మాత్రం నమ్మకండి.

డబ్బుల మాటకొస్తే, ఓ మోస్తరు పెళ్లి బ్లౌజ్‌కు మెడ, రెండు చేతులు కలిపి 60 వేల కుట్లు అనుకుందాం. నిమిషానికి 600 చొప్పున లెక్కగడితే గంటా నలభై నిమిషాలు, జరీ వేగంతో రెండున్నర గంటలు. ఒకే సూది కాబట్టి రంగు మారినప్పుడల్లా లేచి దారం మార్చాలి, హూప్ మళ్లీ మళ్లీ బిగించాలి, మొత్తం మీద సగం రోజు పోతుంది. 12 సూదుల మెషిన్ పెట్టుకున్న షాపువాడు రంగులన్నీ ముందే ఎక్కించుకుని రోజంతా కుట్టిస్తాడు. వాడి రేటుకు మనం ఇవ్వలేం, ఇవ్వాలని చూడకూడదు కూడా. నాకు గిట్టుబాటైనవి వేరు. బారసాలకు పాప పేరు వేసిన దుప్పటి, చిన్నపిల్లల పట్టు లంగా మీద బుటీలు, ఓణీల ఫంక్షన్‌కు పేర్లు వేసిన రిటర్న్ గిఫ్ట్ సంచులు. ఒకటీ రెండూ అయితే పెద్ద షాపులు సరిగా పట్టించుకోవు, ఆ ఖాళీ మనది. బ్లౌజ్‌లలో మాత్రం లత, ఆకులు మెషిన్‌తో వేసి, కుందన్లు, పూసలు చేత్తో కుడతాను. దూరం నుంచి మగ్గం వర్క్ అనుకుంటారు, దగ్గరికొస్తే తెలిసిపోతుంది, నేనూ మగ్గమని చెప్పి అమ్మను. శ్రావణ మాసంలో, దసరా ముందు చేతినిండా పని, ఆషాఢంలో మెషిన్‌కు గుడ్డ కప్పి పెట్టడమే.

కరెంటు పోతే ఎలా అని చాలామంది అడుగుతారు. ఎక్కడ ఆగిందో గుర్తుంచుకుని అక్కడి నుంచే మొదలుపెట్టే సదుపాయం ఉందో లేదో డెమోలోనే స్విచ్ ఆపించి చూడండి. నా దానిలో ఉంది, అయినా చిన్న యూపీఎస్ పెట్టుకున్నాను.

నాకున్న అసంతృప్తి సర్వీస్ మీద. రెండో ఏడు దారం కోసే కత్తెర పనిచేయడం మానేసింది. కంపెనీ పేరు ఎందుకులెండి, ఫోన్ చేస్తే వచ్చినతను మామూలు కుట్టుమిషన్లు బాగుచేసేవాడు, మూత విప్పడానికే జంకాడు. భాగం వచ్చేసరికి పెళ్లిళ్ల సీజన్ దాటిపోయింది, అన్నాళ్లూ దారాలు చేత్తో కత్తిరించుకున్నాను. కొనేముందు ఎంబ్రాయిడరీ మెషిన్ విప్పే మెకానిక్ నగరంలోనే ఉన్నాడా, మెషిన్ బయటి ఊరికి పంపాలా అని తేల్చుకోండి. బాబిన్ కేసు తీసి లోపలి నూగు బ్రష్‌తో దులపడం మీ పనే. నోటితోనూ, బ్లోయర్‌తోనూ ఊదకండి, నూగు ఇంకా లోపలికి పోతుంది. మా వైపు కడుతున్న అపార్టుమెంట్ల దుమ్ముకు వారానికోసారి దులిపినా ఎంతో కొంత వస్తూనే ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ కొనాలనుకునేవాళ్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇప్పటిదాకా ఎన్ని కుట్లు వేసిందో చూడండి, కొన్ని మోడళ్లలో ఆ లెక్క కనబడుతుంది. నల్ల గుడ్డ మీద తెల్ల దారంతో అవుట్‌లైన్ ఉన్న పువ్వు ఒకటి మీ ముందే కుట్టించండి, అవుట్‌లైన్ పక్కకు జరిగితే మాట్లాడకుండా వచ్చేయండి. పెట్టెలో హూప్‌లన్నీ ఉన్నాయా, వాటి స్క్రూలు బిగుస్తున్నాయా చూసుకోండి. తర్వాత విడిగా కొనాలంటే ఒక్కో హూప్‌కు వేలల్లో అడుగుతారు, పాత మోడల్‌కైతే అడిగినా దొరక్కపోవచ్చు.