మారతహళ్లిలో ‘కన్యాశుల్కం’ ఆదివారం తరగతి: పాత్రల దగ్గర గట్టి, ప్రతీకల దగ్గర వదులు

ఎనిమిది ఆదివారాలు, ఉదయం 10 నుంచి 12.30 దాకా, మనిషికి 2,500 రూపాయలు. మారతహళ్లిలో ఒక అపార్టుమెంటు క్లబ్‌హౌస్‌లో నడిచే ఈ తరగతిలో ఆడపిల్లకి వెల తీసుకుని పెళ్లి చేసే ఆచారం మీద గురజాడ అప్పారావు రాసిన నాటకం ‘కన్యాశుల్కం’ 7 అంకాలూ వారానికొకటి చొప్పున చదువుతారు. ఎనిమిదో వారం మొత్తం నాటకం మీద చర్చ. బెంగళూరులో తెలుగు సాహిత్య సభలకు కొదవ లేదు గానీ, ఒకే పుస్తకం పట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి దాకా కూర్చోబెట్టే ఏర్పాటు దొరకడం కష్టం. ఆ ఒక్కదానికే ఈ తరగతికి వెళ్లొచ్చు.

పాఠం ఎంపిక సరైనది. 1892లో విజయనగరంలో ఆడి, 1897లో అచ్చయిన నాటకం వేరు. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాసిన రెండో కూర్పే ఈ తరగతిలో చదివేది. వేశ్య మధురవాణి ఇంత పెద్ద పాత్రగా ఎదిగింది అందులోనే. చిక్కల్లా ప్రతుల దగ్గర. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ప్రచురణ, పేజీ నంబర్లు కలవవు. మాస్టారు ‘ఎనభయ్యో పేజీ’ అనగానే గదంతా వెతుకులాట. పేజీ బదులు అంకం, స్థలం చెబితే ఈ గోల ఉండదు. రంగస్థలం కోసం కుదించిన ప్రతి తెచ్చుకున్నవాళ్లకి మూడో వారం నుంచి సంభాషణలే దొరకవు. చేరేముందు పూర్తి పాఠమో కాదో చూసుకుని కొనండి.

పైకి చదివించడం ఈ తరగతికి ప్రాణం. వచ్చేవాళ్లలో అనంతపురం, చిత్తూరు, కోలారు వైపు వాళ్లే ఎక్కువ. విజయనగరం అగ్రహారాల మాట కళ్లతో చదివితే వాళ్లకి కొరుకుడు పడదు. ‘మాయగుంట’లో ‘గుంట’ అంటే ఆడపిల్ల అని తట్టడానికే కాస్త సమయం పడుతుంది. అదే పాత్రలు పంచుకుని గొంతెత్తి చదివితే రెండో వారానికి యాస దారిలో పడుతుంది. అయితే ధాటిగా చదివే ఒకరిద్దరికే ప్రతివారం ప్రధాన పాత్ర గిరీశం ఇస్తున్నారు. మిగతావాళ్లకి నౌకరు అసిరిగాడి రెండు ముక్కలు మిగులుతాయి. వంతులు మార్చాలి.

పాత్రల విశ్లేషణకు ఒక కాగితం ఇస్తారు. మూడు గళ్లు: ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, ఏం రాబట్టాలని. చూడ్డానికి చిన్నదే గానీ ఇంతకంటే పదునైన పనిముట్టు ఈ నాటకానికి దొరకదు. గిరీశం వరస నింపి చూడండి. శిష్యుడు వెంకటేశం ముందు ఇంగ్లీషు దంచుతాడు. వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధాన్ల దగ్గర దావా కాగితాల పనిమంతుడు. ఆయన వితంతు కూతురు బుచ్చమ్మ దగ్గర మాట మెత్తబడి కథల్లోకి జారుతుంది. మొదటి అంకంలో మధురవాణి ఇంట మంచం కింద దూరిన మనిషే చివరి అంకంలో వకీలు సౌజన్యారావు పంతులు ఎదుట సంఘసంస్కర్త. మూడో గడి మాత్రం ఎక్కడా పెద్దగా మారదు. ‘గిరీశం మోసగాడు’ అని ముందే రాసేస్తే ఇదంతా కనబడదు, అందుకే మాస్టారు విశేషణాలు రాయనివ్వరు. మంచి పట్టుదల అది. ఇదే కాగితంలో అవధాన్ల చిన్నకూతురు సుబ్బి వరస దాదాపు ఖాళీగా ఉండిపోతుంది. ఎవరి పెళ్లి కోసం ఇంతమంది కొట్టుకుంటున్నారో ఆ పిల్లకి మాటే లేదని ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలిసిపోతుంది.

ప్రతీకల దగ్గరికి వచ్చేసరికి ఇంత శ్రద్ధా ఏమైందో అర్థం కాదు. నాలుగో వారం ఒక జాబితా పంచుతారు: చుట్ట పాశ్చాత్య వ్యామోహం, కంటె (మెడలో వేసుకునే నగ) ధనాశ, చీట్లపేక పతనం. పరీక్షలకి పనికొస్తుందేమో గానీ నాటకం ముందు నిలవదు. ఉత్తరాంధ్రలో చుట్ట కాల్చడం ఇంగ్లీషువాడు నేర్పిన అలవాటు కాదు, అక్కడి పల్లెల్లో ఆడవాళ్లు కూడా చుట్ట నిప్పు నోట్లో ఉంచి అడ్డపొగ తాగుతారు. పైగా గిరీశం పొగాకుని వెనకేసుకొచ్చేది పురాణకథ చెప్పే పద్యంతో. కుర్రాడికి చుట్ట అలవాటు చేస్తూ దానికి శాస్త్రప్రమాణం కూడా అంటగట్టే గురువు అతను. పాత చదువునీ కొత్త చదువునీ ఒకే అవసరానికి వాడుకునే తీరు ఆ సన్నివేశంలో ఉంది. ‘పాశ్చాత్య వ్యామోహం’ అని రాసుకుంటే అందులో సగం పోయినట్టే.

కంటె సంగతీ అంతే. అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రాసుకోవాలి. నగ మధురవాణిది. పెళ్లికూతురికి పెట్టడానికని ఆమెని ఉంచుకున్న రామప్పంతులు ఎరువు తీసుకుంటాడు. అది సుబ్బి పెళ్లి చెడగొట్టడానికి ఆడపిల్ల వేషం వేసిన కుర్రాడు మహేశం మెడలోకి చేరి, ఆ మాయగుంటతోపాటే మాయమవుతుంది. ఇక పంతులికి మధురవాణి ముందు తలెత్తే వీల్లేదు, పెళ్లికొడుకు, ముసలి లుబ్ధావధాన్ల దగ్గర రాబట్టే దారీ లేదు. వేశ్య నగ పెళ్లికూతురి మెడలోకి అంత సులువుగా వెళ్లగలిగిందంటే రెండు చోట్లా జరిగేది బేరమే గనుక. శుల్కం అన్న ఇతివృత్తం ఆడపిల్ల వెలతో ఆగదని కంటె ప్రయాణం చెబుతుంది. ఆఖరికి సౌజన్యారావు దగ్గర మధురవాణి కూడా తన సాయానికి ధర అడుగుతుంది, ఒక ముద్దు. ఆయన ఒప్పుకున్నాక తనే వదిలేస్తుంది. నాటకంలో చేతికందిన ధరని కావాలని వదులుకున్నది ఆమే. జాబితా పట్టుకుని కూర్చున్న గదిలో ఈ ముడి విప్పే అవకాశం చేజారింది.

ఏడో వారం చర్చ మాత్రం చాలా బాగుంటుంది. ఆడపిల్ల వేషంలో మహేశం, మగవేషంలో మధురవాణి. వేషం వేసినవాళ్లు ఒక పసిపిల్లని కాపాడుతుంటే, వేషం లేని పెద్దలు అమ్మకానికి పెడుతున్నారు. ఈ పోలిక మాస్టారు చెప్పరు, రెండు దృశ్యాలు పక్కపక్కన చదివించి వచ్చినవాళ్లచేతే చెప్పిస్తారు.

పెద్ద లోటు మరొకటి: గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాట వదిలేయడం. విశాఖపట్నం జిల్లాలో 3 ఏళ్లలో జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహాలు 1,034 అని లెక్క అందులో ఉంది. అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు 6, ఏడాది పిల్లలు 3. ఈ అంకెలు చదవకుండా మొదలుపెడితే గది నాలుగు వారాలు నవ్వుతూనే ఉంటుంది. నవ్వాల్సిందే, కానీ నవ్వు దేని మీదో తెలిసి నవ్వాలి. మొదటి వారం పదిహేను నిమిషాలు దీనికి కేటాయిస్తే చాలు.

డబ్బుకి న్యాయం జరుగుతుంది. తెలుగు ఐచ్ఛికంగా పోటీ పరీక్షలు రాసేవాళ్లకి నోట్సు దొరకదు గనుక నిరాశే. చేరదలచినవాళ్లు మొదటి రెండు అంకాలు ఇంట్లోనే పైకి చదువుకుని వెళ్లండి, మూడు గళ్ల కాగితానికి నాలుగో గడి మీరే గీసుకోండి: ఆ దృశ్యంలో డబ్బో నగో ఎవరి చేతిలో ఉంది.