‘ఒక్క క్లిక్‌తో లౌడ్‌నెస్’ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఫైల్ కొలవండి

పాడ్‌కాస్ట్‌కో, వీడియో వాయిస్‌కో సౌండ్ సరిచేస్తామని అమ్మే ‘ఒక్క క్లిక్’ మాస్టరింగ్ సర్వీసులు, ప్లగిన్లు కొనేవాళ్లు జాగ్రత్త. అలా డబ్బు కట్టి చేయించిన ఒక వాయిస్ ఫైల్‌ను మీటర్‌లో పెడితే ఇంటిగ్రేటెడ్ లౌడ్‌నెస్ (ఫైల్ మొత్తం మీద సగటు మోత) -8 లఫ్స్ (మోత కొలమానం, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ మోత ఎక్కువ), ట్రూ పీక్ (శాంపిళ్ల మధ్య లేచే అలను కూడా లెక్కేసిన అసలు గరిష్ఠ స్థాయి) +0.9 డీబీ చూపించింది. అడిగింది -16, -1. అమ్మినవాళ్ల పేరు అనవసరం, తీరు తెలిస్తే చాలు.

మాయంతా డెమోలోనే ఉంటుంది. ‘ముందు’, ‘తర్వాత’ అని రెండు క్లిప్‌లు వినిపిస్తారు. రెండోది నాలుగైదు డీబీ ఎక్కువ మోతతో ఉంటుంది. మోత ఎక్కువున్నదే ఎవరి చెవికైనా బాగున్నట్టు అనిపిస్తుంది. ‘తర్వాత’ క్లిప్‌ను తగ్గించి, రెండింటినీ ఒకే లఫ్స్‌కు తెచ్చి వినండి. ట, ప, క లాంటి అక్షరాల పదును పోవడం, మాటకూ మాటకూ మధ్య ఫ్యాన్ హోరు పైకి లేవడం అప్పుడు బయటపడతాయి. కంప్రెసర్ (గట్టి మాటను అణచి ఎత్తుపల్లాలు తగ్గించే సాధనం) పెట్టి లెవెల్ 10 డీబీ లేపితే, మాట ఆగినచోట గది రొద కూడా అంతే లేస్తుంది.

పోనీ, ఆ మోతైనా వినేవాళ్ల దాకా చేరుతుందా అంటే అదీ లేదు. యూట్యూబ్ సుమారు -14 లఫ్స్ దాటినదాన్ని తగ్గించి వినిపిస్తుంది. స్పాటిఫై మామూలు సెట్టింగ్ కూడా -14కే. అంటే -8లో ఉన్న ఫైల్ 6 డీబీ దిగుతుంది. లిమిటర్ (గీత దాటిన మోతను ఆపేసే సాధనం) కోసేసిన పీకులు మాత్రం తిరిగి రావు. పైగా ట్రూ పీక్ సున్నా దాటితే ఎంపీ3గా మార్చినప్పుడు చిటపటలు రావచ్చు. మామూలు పీక్ మీటర్ -0.1 చూపిస్తున్నా ట్రూ పీక్ సున్నా పైన ఉండొచ్చు, కాబట్టి ఆ మీటర్ స్క్రీన్‌షాట్ పంపితే ఒప్పుకోకండి.

‘నార్మలైజ్ చేశాం’ అన్నా నమ్మకండి. పీక్ నార్మలైజ్ అయితే అన్నిటికంటే ఎత్తైన ఒక్క శాంపిల్‌నే చూస్తుంది. ఎక్కడో ఒక దగ్గు గట్టిగా పడితే చాలు, గంటసేపటి మాట కింద పడి ఉంటుంది. లౌడ్‌నెస్ నార్మలైజ్ వేరు. అది ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) పెట్టిన బీఎస్.1770 అనే ప్రమాణ పద్ధతిలో కొలిచి, నిశ్శబ్దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది.

సవ్యంగా చేస్తే లెక్క ఇలా ఉంటుంది. మీ ఫైల్ -22 లఫ్స్, ట్రూ పీక్ -3 అనుకోండి. -16కు తేవాలంటే 6 డీబీ పెంచాలి, పీక్ +3కు చేరుతుంది. సీలింగ్ (పీక్ దాటకూడని గీత) -1 కావాలంటే లిమిటర్ 4 డీబీ కోయాలి. మాటకు ఇది ఫర్వాలేదు. కోత 8, 10 డీబీ దాకా పోతోందంటే లిమిటర్ మీద భారం వేయకుండా, ముందు కంప్రెసర్‌తో 3:1 దగ్గర (గీత దాటిన ప్రతి 3 డీబీకి 1 డీబీయే బయటికి వచ్చేలా) మూడు నుంచి ఆరు డీబీ తగ్గించుకోవాలి. దానికీ ముందు 80 హెర్ట్జ్ కింది గుడగుడ తీసేయాలి. ఒక్క క్లిక్ సరుకులో ఈ వరస కనబడదు.

సగటు అంకె సరిపోయినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. యాంకర్ -14లో, అతిథి -24లో మాట్లాడినా ఇంటిగ్రేటెడ్ -16 రావచ్చు. మూడు సెకన్ల షార్ట్ టర్మ్ మీటర్‌లో ఇద్దరి గొంతులూ మూడు, నాలుగు ఎల్‌యూ (లౌడ్‌నెస్ యూనిట్, ఒక డీబీతో సమానం) తేడాలోపు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఎవరి ట్రాక్ వారిది విడిగా సరిచేయమనండి, కలిపేశాక కుదరదు.

మోనో ఫైల్ దగ్గర ఇంకో చిక్కు. రెండు స్పీకర్లలో వినిపించినప్పుడు, ఒక చానెల్‌గా కొలిచిన -19 మోనో, -16 స్టీరియో దాదాపు ఒకే మోత. ఈ 3 డీబీ పట్టించుకోకపోతే ఒక ఎపిసోడ్ గట్టిగా, ఇంకోటి మెల్లగా వస్తుంది. ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటర్‌లో మోనోను డ్యూయల్ మోనోగా (రెండు చానెళ్లలోనూ అదే శబ్దం ఉన్నట్టు) లెక్కించే టిక్ ఇందుకే ఉంది.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఆడియో, వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లోని లౌడ్‌నార్మ్ ఫిల్టర్ ఉచితమే. దాన్ని ఒకే పాస్‌లో నడిపితే లెవెల్‌ను నడుమనడుమ పైకీ కిందికీ లాగుతుంది. మొదటి పాస్‌లో కొలిచి, ఆ అంకెలు ఇచ్చి రెండో పాస్ లీనియర్‌గా (ఫైల్ అంతటికీ ఒకే పెంపుతో) నడపాలి. శాంపిల్ రేటు 48000 అని రాయకపోతే 192 కిలోహెర్ట్జ్ ఫైల్ చేతికి రావచ్చు.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు ‘గట్టిగా, క్లియర్‌గా’ అని రాయకండి. పాడ్‌కాస్ట్ అయితే ‘-16 లఫ్స్, ఒక ఎల్‌యూ అటూఇటూ, ట్రూ పీక్ -1 మించకూడదు, డబ్ల్యూఏవీ ఫైల్ ఇవ్వాలి’ అని రాయండి. ముందు ఒక నిమిషం శాంపిల్ చేయించి, యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచిత వెర్షన్‌లో మీరే కొలవండి. ముందే మొత్తం సొమ్ము కట్టమని, శాంపిల్ మాత్రం ఇచ్చేది లేదని అనేవాళ్లను వదిలేయండి.